వర్డ్‌లో ఎర్ర గీతలు, నీలి గీతలు: రోజంతా వాటితోనే పనిచేసే మనిషి రివ్యూ

నా పని టైపింగ్, ప్రూఫ్ రీడింగ్. థీసిస్‌లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, బయోడేటాలు, అప్పుడప్పుడు ఒక పుస్తకం. పదహారేళ్లుగా రోజుకి ఏడెనిమిది గంటలు మైక్రోసాఫ్ట్ వర్డ్ ముందు కూర్చుంటున్నాను. వర్డ్ గురించి చెప్పేవాళ్లు టేబుళ్ల గురించి, టెంప్లేట్ల గురించి చెబుతారు. నేను అక్షరాల కింద పడే గీతల గురించి మాత్రమే చెబుతాను. నా పనిలో సగం వాటితోనే గడుస్తుంది, వాటిని సరిగ్గా చదవడం రాక చాలామంది ఇబ్బంది పడటం రోజూ చూస్తున్నాను.

మొన్న ఒక అమ్మాయి తన ప్రాజెక్ట్ ఫైలు తెచ్చి పక్కన కూర్చుంది. తెర నిండా ఎర్ర గీతలు. "అక్కా, ఇవన్నీ ప్రింట్‌లో పడతాయా?" అని అడిగింది. "పడవమ్మా, ఇవి మనకి చూపించడానికే" అన్నాను. అప్పటిదాకా ఆ అమ్మాయి ఒక్కో గీత పోయేదాకా తన సొంత పేరు స్పెల్లింగ్ కూడా మార్చి మార్చి చూసిందట. పేరు కింద గీత వస్తే పేరు తప్పు అనుకుంది. ఈ రివ్యూ రాయాలని ఆ రోజే అనుకున్నాను.

ముందు ఎర్ర గీత. అలలాగా మెలికలు తిరిగి ఉంటుంది. టైప్ చేస్తుండగానే ఈ గీత పడటం వర్డ్ 95తో మొదలైంది. ఇప్పుడు వర్డ్‌లాగే టైప్ చేసుకునే లిబ్రేఆఫీస్‌లోనూ, గూగుల్ డాక్స్‌లోనూ స్పెల్లింగ్‌కి ఎరుపే. దీని అర్థం ఒక్కటే: ఈ మాట నా దగ్గరున్న జాబితాలో లేదు. అంతకు మించి అది ఏమీ చెప్పడం లేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, కొత్త మందుల పేర్లు, మన ఇంటిపేర్లు ఆ జాబితాలో ఉండవు కాబట్టి వాటి కింద గీత పడుతుంది. అందుకే ఎర్ర గీత పడ్డ చోట నేను మొదట "ఇది పేరా, మాటా?" అని చూస్తాను. పేరైతే అసలు కాగితంతో పోల్చి చూసుకుని వదిలేస్తాను. మాటైతే దిద్దుతాను.

ఎర్ర గీత మీద మౌస్ కుడి బటన్ నొక్కితే సూచనలు వస్తాయి. చాలాసార్లు మనకి కావలసిన మాట మొదటి వరుసలోనే ఉంటుంది. ఇది ఎలా సాధ్యమా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది. 1964లో ఫ్రెడరిక్ డామెరో అనే పరిశోధకుడు స్పెల్లింగ్ తప్పుల్ని పరిశీలించి, వాటిలో 80 శాతం పైగా నాలుగు రకాలేనని చూపించాడు: ఒక అక్షరం ఎక్కువ పడటం, ఒకటి తగ్గటం, ఒకదాని బదులు ఇంకొకటి పడటం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం. ఇది చదివాక నా సొంత తప్పులు చూసుకున్నాను. నిజంగానే అవే. నా వేళ్లు 'ది' అనే ఇంగ్లిష్ మాటలో చివరి రెండు అక్షరాల్ని రోజుకి పదిసార్లు తారుమారు చేస్తాయి. ఒక్క అక్షరం దూరంలో ఉన్న తప్పుని యంత్రం ఇట్టే పట్టుకుంటుంది. చెవికి వినపడినట్టు రాసేసిన మాటల దగ్గర మాత్రం తడబడుతుంది. 'న్యుమోనియా' ముందు పలకని 'పి' ఉందని తెలియనివాళ్లు 'ఎన్'తో మొదలుపెట్టి, మధ్యలో ఇంకో రెండు అక్షరాలు కూడా తప్పు కొట్టినప్పుడు సూచనలు ఎటో పోతుంటాయి.

సూచన చూడగానే నొక్కేసే అలవాటు మంచిది కాదు. దీనికి పేరున్న ఉదాహరణ ఒకటి ఉంది. కొన్ని పాత నిఘంటువుల్లో 'కో-ఆపరేషన్' మధ్యలో చిన్న గీతతో మాత్రమే ఉండేది. ఆ గీత లేకుండా కొట్టినవాళ్లకి 'క్యుపర్టినో' అనే సూచన వచ్చేది. అది ఆపిల్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. అలా సహకారం గురించి రాసిన వాక్యాల్లో ఒక ఊరి పేరు పడి, ఐక్యరాజ్యసమితి, యూరోపియన్ యూనియన్, నాటో పత్రాల దాకా వెళ్లిపోయింది. దాన్ని ఇప్పటికీ క్యుపర్టినో ఎఫెక్ట్ అంటారు. ఆ పత్రాలు టైప్ చేసినవాళ్ల మీద నాకు చాలా సానుభూతి. సాయంత్రం ఆరింటికి, నలభయ్యో పేజీలో, సూచన కనపడగానే వేలు దానంతటదే నొక్కేస్తుంది.

ఎర్ర గీత దగ్గర కుడి బటన్ నొక్కితే 'ఇగ్నోర్ ఆల్', 'యాడ్ టు డిక్షనరీ' అని రెండు కనిపిస్తాయి. చాలామందికి ఈ రెండూ ఒకటే, గీత పోతే చాలు. కానీ వాటి మధ్య తేడా చాలా ఉంది. ఇగ్నోర్ ఆల్ అంటే ఈ ఫైల్లో ఈ మాటని పట్టించుకోకు అని. యాడ్ టు డిక్షనరీ అంటే ఇక మీదట ఏ ఫైల్లోనూ పట్టించుకోకు అని. నేను ఒకసారి తొందరలో 'సెపరేట్' అనే మాటలో 'పి' తర్వాత 'ఏ' బదులు 'ఇ' కొట్టి, సూచన నొక్కబోయి కింద ఉన్న యాడ్ టు డిక్షనరీ నొక్కాను. గీత పోయింది కదా, సరిదిద్దేశాను అనుకున్నాను. ఆ తర్వాత నాలుగైదు నెలల పాటు నేను పంపిన ప్రతి ఫైల్లోనూ ఆ మాట ఎక్కడ తప్పు పడితే అక్కడ అలాగే ఉండిపోయింది. ఒక లెక్చరర్ గారు ఎర్ర పెన్నుతో ఒకే మాట మూడుచోట్ల గుండ్రం చుట్టి పంపాకే నాకు తెలిసింది.

అలా పొరపాటున చేర్చిన మాట తీసేయాలంటే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి 'కస్టమ్ డిక్షనరీస్' నొక్కాలి. అందులో 'ఎడిట్ వర్డ్ లిస్ట్' తెరిస్తే మనం ఇన్నాళ్లుగా చేర్చిన మాటలన్నీ వరుసగా ఉంటాయి. నెలకోసారి ఆ జాబితా చదవండి. నాది మొదటిసారి తెరిచినప్పుడు అందులో పదకొండు తప్పు మాటలున్నాయి. ఆ పక్కనే 'రీచెక్ డాక్యుమెంట్' అనే బటన్ కూడా ఉంటుంది. ఇంతకు ముందు ఇగ్నోర్ చేసినవన్నీ మళ్లీ బయటికి తెస్తుంది. ఫైలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినప్పుడు నేను తప్పకుండా ఆ బటన్ నొక్కుతాను, పాతవాళ్లు దేన్ని ఇగ్నోర్ చేశారో మనకి తెలియదు కదా.

ఇక నీలి గీత. పాత వర్డ్ వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, వ్యాకరణానికి ఒకప్పుడు ఆకుపచ్చ అల గీత పడేది. వర్డ్ 2007లో సందర్భానికి అతకని మాటలకి నీలం వచ్చింది, వర్డ్ 2013 నుంచి ఆకుపచ్చ పోయి వ్యాకరణం కూడా నీలంలోకి మారింది. ఇప్పటి వర్డ్‌లో అది జంట గీత, ఒకదాని కింద ఒకటి రెండు సన్నని గీతలు. ఈ మార్పు నాకు చాలా నచ్చింది. రంగులు సరిగ్గా కనిపించనివాళ్లు కూడా అల గీతా, జంట గీతా అని ఆకారం బట్టి తెలుసుకోవచ్చు. లిబ్రేఆఫీస్‌లో స్పెల్లింగూ వ్యాకరణం రెండూ అల గీతలే, రంగు ఒక్కటే తేడా. ఆ విషయంలో వర్డ్‌కే నా ఓటు.

నీలి గీతని ఎర్ర గీతంత గట్టిగా నమ్మకూడదు. ఏకవచనానికి బహువచన క్రియ పడినప్పుడు, 'ఇట్స్'లో పైకామా అక్కరలేని చోట పడినప్పుడు అది చక్కగా పట్టుకుంటుంది. వాక్యం చిన్నదైతే దాదాపు ఎప్పుడూ కరెక్టే. థీసిస్‌లలో నాలుగు వరుసల వాక్యం, మధ్యలో రెండు బ్రాకెట్లు, ఒక రిఫరెన్స్ నంబరు ఉంటాయి చూడండి, అక్కడ మాత్రం కర్త ఎక్కడుందో దానికి దొరకదు. సరిగ్గా ఉన్న క్రియ కింద గీత పెడుతుంది. అలాంటి చోట నేను సూచన చూడను. వాక్యాన్ని పైకి చదువుతాను. చదివేటప్పుడు నాకే ఊపిరి అందకపోతే, గీత కారణం తప్పైనా ఆ వాక్యాన్ని రెండుగా విరవమని రాసినవాళ్లకి చెబుతాను.

2020 నుంచి వర్డ్ ఇంకో మార్పు చేసింది. ఇంగ్లిష్ వాక్యం అయ్యాక రెండు స్పేస్‌లు కొడితే తప్పని గీత పెడుతుంది. టైప్‌రైటర్ మీద నేర్చుకున్న పెద్దవాళ్లు ఇప్పటికీ రెండు కొడతారు, వాళ్ల ఫైలు తెరిస్తే పేజీ అంతా నీలం. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెండు స్పేస్‌ల బదులు ఒకటి పెట్టేస్తే ఒక్క నిమిషంలో పోతాయి. వాళ్లేదో పెద్ద తప్పులు చేసినట్టు కంగారు పడతారు కాబట్టి ముందే ధైర్యం చెప్పాలి.

ఊదా రంగు చుక్కల గీత గురించి ఎక్కువ చెప్పను. అది సలహా మాత్రమే. మాటలు ఎక్కువయ్యాయి, ఇంకా చిన్నగా చెప్పొచ్చు, కర్మణి ప్రయోగం వాడారు, ఇలాంటివి చెబుతుంది. ఆఫీసు ఉత్తరాలకి పనికొస్తుంది. సైన్స్ పేపర్లలో ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగమంతా కర్మణిలోనే ఉంటుంది, అక్కడ పేజీ అంతా చుక్కలే. ప్రూఫింగ్ సెట్టింగ్స్‌లో రైటింగ్ స్టైల్ దగ్గర 'గ్రామర్' మాత్రమే ఎంచుకుంటే ఆ చుక్కలు రావు. నేను అలాగే పెట్టుకున్నాను.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, గీత పడని చోటు.

మూడేళ్ల క్రితం అరవై పేజీల రిపోర్టు ఒకటి వచ్చింది. తెరిచాను, ఎక్కడా ఒక్క ఎర్ర గీత లేదు. ఇంత శుభ్రంగా టైప్ చేసేవాళ్లు ఉన్నారా అని సంతోషపడ్డాను. పేజీ నంబర్లు, మార్జిన్లు, హెడ్డింగులు చూసి సాయంత్రానికి పంపేద్దామనుకున్నాను. మూడో పేజీలో 'కమిటీ' అనే ఇంగ్లిష్ మాట కళ్లకి ఏదోలా అనిపించింది. అందులో 'ఎం' రెండు, 'టి' రెండు, 'ఇ' రెండు ఉండాలి. ఇక్కడ చివర 'ఇ' ఒక్కటే ఉంది. కింద గీత లేదు. కర్సర్ అక్కడ పెట్టి చివర ఒక స్పేస్ కొట్టి చూశాను, గీత రాలేదు. ఆ పక్కనే అర్థం లేని అక్షరాలు ఐదారు కొట్టాను. వాటి కింద కూడా రాలేదు. అప్పుడు గుండె జారింది.

మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూ ట్యాబ్‌లో లాంగ్వేజ్, 'సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్' తెరిచాను. అక్కడ 'డు నాట్ చెక్ స్పెల్లింగ్ ఆర్ గ్రామర్' అనే గడి టిక్ అయి ఉంది. ఆ టిక్ మాటలతో పాటే అంటుకుని ఉంటుంది, బోల్డ్, ఇటాలిక్ ఉన్నట్టే. ఎవరో ఎక్కడో ఒక ఫైల్లో టిక్ పెడితే, అక్కడి నుంచి కాపీ చేసి తెచ్చి అతికించిన పేరాలన్నీ దాన్ని మోసుకొస్తాయి. టిక్ తీసేసి ఓకే నొక్కాను. అరవై పేజీల మీద ఒక్కసారిగా ఎర్ర గీతలు లేచాయి. ఆ రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని అన్నీ చూశాను. పేర్లూ కోడ్ నంబర్లూ తీసేయగా నిజమైన తప్పులు డెబ్భై పైన తేలాయి.

అప్పటి నుంచి ఏ ఫైలు వచ్చినా మొదటి పేజీలో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట అర్థం లేని అక్షరాలు కొట్టి చూస్తాను. గీత పడితే చెరిపేసి పని మొదలుపెడతాను. పడకపోతే ముందు ఆ టిక్ సంగతి చూస్తాను. అరనిమిషం పని. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే ఇది చేయిస్తాను.

ఇంకొక దొంగచోటు పెద్దక్షరాల హెడ్డింగులు. నా వర్డ్‌లో 'ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్' అనే ఆప్షన్ మొదటి నుంచీ టిక్ అయి ఉంది. అంటే అన్నీ క్యాపిటల్స్‌లో ఉన్న మాటల్ని అది చూడదు. కవర్ పేజీ మీద అందరికంటే ముందు కంట్లో పడే మాటలే క్యాపిటల్స్‌లో ఉంటాయి! 'రిపోర్ట్'లో 'ఓ', 'ఆర్' తారుమారైనా నోరెత్తదు. ఆ టిక్ తీసేశాను. సంక్షిప్త పేర్లన్నిటికీ ఎర్ర గీతలొస్తాయి, రానీ. వాటిని ఓపిగ్గా ఇగ్నోర్ చేసుకుంటాను, కవర్ పేజీ మీద తప్పు పోయే టెన్షన్ కంటే అది నయం.

తప్పు మాట కూడా జాబితాలో ఉన్న మాటే అయితే, దాన్ని ఏ గీతా పట్టుకోదు. ఒక ఫీజు నోటీసు దిద్దుతున్నాను. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు అని రాయాలి. ఇంగ్లిష్‌లో 'నాట్' రాయాల్సిన చోట చివరి 'టి' బదులు 'డబ్ల్యు' పడి 'నౌ' అయింది. ఇప్పుడు ఆ వాక్యం చదివితే, ఫీజు ఇప్పుడు తిరిగి ఇవ్వబడుతుంది అని ఉంది. స్పెల్లింగ్ కరెక్ట్, వ్యాకరణం కరెక్ట్, ఎర్ర గీత లేదు, నీలి గీత లేదు. అర్థం మాత్రం పూర్తిగా తలకిందులైంది. కంటితో పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి డబ్బు, తేదీ, 'కాదు', 'లేదు' ఉన్న వాక్యాల్ని గీతలతో సంబంధం లేకుండా విడిగా వేలు పెట్టి చదువుతాను.

తెలుగు ఫైళ్ల సంగతి వేరే. తెలుగు నిఘంటువు పెట్టుకోని కంప్యూటర్‌లో తెలుగు మాటల కింద గీతలు రాకపోవచ్చు, దాన్ని చూసి అంతా సరిగ్గా ఉందని మురిసిపోకూడదు. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన ఫైలైతే పైకి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. వర్డ్ దాన్ని ఇంగ్లిష్ అనుకుని ప్రతి మాట కిందా గీత పెడుతుంది. తప్పుల సంఖ్య మరీ పెరిగిపోతే, ఇన్ని తప్పులు నేను చూపించలేను అని ఒక మెసేజ్ ఇచ్చి గీతలు పెట్టడమే మానేస్తుంది. అలాంటి ఫైలుని ముందు యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోకి, మార్చుకోకుండా చెకింగ్ గురించి ఆలోచించడం దండగ.

యూనికోడ్‌లో ఉన్నా, తెలుగు మాట ఒక్కటిగా ఉండదు. పుస్తకం అనేది పుస్తకాన్ని, పుస్తకంలో, పుస్తకాలకి, పుస్తకాల్లోంచి, పుస్తకమేమో, పుస్తకమంటే, ఇలా ఎన్ని రూపాలైనా ఎత్తుతుంది. లిబ్రేఆఫీస్ వాడే హన్‌స్పెల్ అనే చెకర్‌ని తయారుచేసింది హంగేరియన్ భాష కోసం. అదీ మన భాషలాగే మాట చివర మాట అతుక్కునే భాష. అందుకని అందులో మాటల జాబితా ఒక ఫైలు, చివర చేరే ప్రత్యయాల నియమాలు ఇంకో ఫైలు. పద్ధతి మంచిదే. మన సంధులన్నీ నియమాలుగా ఎవరైనా కూర్చుని రాస్తేనే దాని బలం తెలుస్తుంది. అంతవరకు సరైన మాటల కింద కూడా ఎర్ర గీతలు పడుతూనే ఉంటాయి. 'వెళ్ళాడు' అని రాసేవాళ్లూ, 'వెళ్లాడు' అని రాసేవాళ్లూ ఇద్దరూ కరెక్టే, జాబితాలో ఒకటే ఉంటే రెండోవాళ్లకి గీత. 'సాఫ్ట్‌వేర్' అనే మాట మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, వత్తు కిందికి పోకుండా ఆపేది. అది పెట్టి కొడితే ఒక మాట, పెట్టకుండా కొడితే ఇంకో మాట.

అయినా తెలుగులో నేను చెకింగ్ ఆపను. 'విద్యార్థి'లో ద్య బదులు ధ్య పడినా, 'అర్థం' కాస్తా 'అర్దం' అయినా, 'ప్రాథమిక' అనేది 'ప్రాధమిక' అయినా, 'కథ' పోయి 'కధ' వచ్చినా ఎర్ర గీత పడుతుంది. రోజూ చూసే తప్పులు కాబట్టి వీటికి మన కళ్లు అలవాటుపడిపోయాయి, యంత్రానికి ఆ అలవాటు లేదు. రాత్రి 'కళ' వచ్చింది అని రాస్తే మాత్రం ఏ గీతా రాదు, కళ కూడా మాటే కదా. తెలుగు వాక్యం చదివి నీలి గీత పెట్టే పనిముట్టు నా వర్డ్‌లో లేదు. ఉంటే ఎంత బాగుండునో! ఎవరైనా చేస్తే మొదటి రోజే డబ్బు కట్టి తీసుకుంటాను.

మార్కులు అడిగితే, ఎర్ర గీతకి ఐదుకి నాలుగున్నర. నీలి గీతకి మూడున్నర, చిన్న వాక్యాలకి నాలుగు ఇవ్వొచ్చు. ఊదా చుక్కలకి రెండు. తెలుగుకి ఇప్పటికైతే రెండే, అది కూడా వత్తుల తప్పులు పట్టుకుంటుంది కాబట్టి.

పోయిన నెల కంప్యూటర్ మార్చాను. కొత్తదాంట్లో మొదటి ఫైలు తెరవగానే రోజూ వచ్చే గైడ్ల పేర్లు, కాలేజీల పేర్లు, మందుల పేర్లు అన్నిటి కిందా మళ్లీ ఎర్ర గీతలు. పాతదాంట్లో మన మాటలన్నీ 'కస్టమ్ డాట్ డిక్' అనే చిన్న ఫైల్లో ఉంటాయి, దాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుని కొత్తదాంట్లో పెట్టుకుంటే సరిపోతుంది. పెట్టే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎనిమిది వందల మాటలు పైనే ఉన్నాయి. అందులో మూడు తప్పు మాటలు దొరికాయి, తీసేశాను. ఒక ఇంటిపేరు మాత్రం రెండు రకాలుగా ఉంది, ఒకదాంట్లో 'హెచ్' ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అడిగాను. ఇద్దరూ తమదే కరెక్ట్ అన్నారు, ఎవరి పేరు వాళ్లది. రెండూ ఉంచేశాను.